డ్రమ్ము పక్కన కుర్చీ

రిటైర్మెంటుకు నాలుగేళ్ల ముందు, జూన్‌లో, నన్ను ఫిజిక్స్ లెక్చరర్‌గా నారాయణఖేడ్‌లోని ఒక జూనియర్ కాలేజీకి బదిలీ చేశారు. చేరిన వారానికే క్లాసులో నోరు జారాను. టెలిస్కోపు అద్దాన్ని ఇంట్లో కూర్చుని చేత్తో అరగదీసుకోవచ్చు అన్నాను. పిల్లలు నమ్మలేదు. ప్రిన్సిపాల్ నమ్మి, అయితే కాలేజీకి ఒకటి చేసిపెట్టండి మేడం అన్నారు. అన్న మాట వెనక్కి తీసుకోలేక ఒప్పుకున్నాను.

అద్దె ఇంటి ముందుగది కార్ఖానా అయింది. మధ్యలో ఇసుక నింపిన పొట్టి డ్రమ్ము, దాని మీద చెక్కపలక, పలక మీద రెండు మందపాటి గుండ్రటి గాజుబిళ్లలు. కిందది పనిముట్టు, పైది అద్దం కావలసింది. రెంటి మధ్య కార్బొరండం అనే రాపిడి పొడి, నీళ్లు వేసి రుద్దుతూ పోతే పైబిళ్ల గుంటపడుతుంది, కిందది ఉబ్బుతుంది. గరుకు పొడి నుంచి మెత్తటి పొడికి దిగుతూ రావాలి. పొడి మార్చినప్పుడల్లా అంతా కడగాలి. గరుకు రేణువు ఒక్కటి మిగిలినా వారం పని గీతల పాలు. ఆఖరున తారు, గుగ్గిలం కలిపి కాచిన ముద్దను కింది బిళ్లకు పూసి, దానిమీద పాలిష్ చెయ్యాలి. అన్ని దశల్లోనూ ఒకటే నియమం: పది తోపులకోసారి అద్దాన్ని చేతిలో కొంచెం తిప్పాలి, మనం డ్రమ్ము చుట్టూ ఒక అడుగు జరగాలి.

ఈ నియమాన్ని రూతమ్మకు నేర్పింది నేనే. ఆమె మా ల్యాబ్ అటెండర్. రోజూ సిర్గాపూర్ నుంచి షేర్ ఆటోలో వచ్చేది. హోదాలో నాకన్నా ఎంతో కింద, వయసులో రెండేళ్లు పెద్ద. ప్రిజాల పెట్టె తాళం, మైక్రోస్కోపుల బీరువా తాళం ఆమె కొంగుకే ఉండేవి. కాలేజీ అయ్యాక మా ఇంటికొచ్చి గంటసేపు రుద్దేది. అది ఆమె డ్యూటీ కాదు. "గీ గాజుబిళ్లల సందమామ కనవడ్తడా మేడం? అయితె నేను జూడాలె" అని తనంతట తనే వచ్చింది.

నాకు మోకాళ్ల నొప్పులు. నా వంతు వచ్చినప్పుడు డ్రమ్ము పక్కన కుర్చీ వేసుకునేదాన్ని.

నాలుగు నెలలకు పాలిష్ పూర్తయింది. మేడమీద, టెలిస్కోపు గొట్టంలా చేసిన చెక్కపెట్టెలో అద్దాన్ని, కంటి కటకాన్ని బిగించి, మనూర్ రోడ్డు వైపు దూరంగా ఉన్న కరెంటు స్తంభాన్ని చూశాను. స్తంభం మీది పింగాణీ బుడిపె ఎండకు మెరుస్తుంది. పట్టపగలు నక్షత్రం దొరికినట్టే. మంచి అద్దంలో ఆ మెరుపు చుక్కలా కనబడాలి. నాకది గీతలా సాగి కనబడింది. ఫోకస్ లోపలికి తిప్పితే నిలువుగా, బయటికి తిప్పితే అడ్డంగా. పెట్టెలో అద్దాన్ని తిప్పితే గీత కూడా తిరిగింది. అంటే లోపం అద్దంలోనే ఉంది, అది ఒక దిక్కున ఎక్కువ అరిగింది.

మర్నాడు స్టాఫ్‌రూమ్‌లో, అద్దం ఎలా వచ్చిందని ప్రిన్సిపాల్ అడిగారు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, రూతమ్మ చెయ్యి ఒకవైపే బరువు పడుతున్నట్టుంది సార్ అన్నాను. టీ కప్పులు తీస్తూ రూతమ్మ అక్కడే ఉంది. ఆ వారంలోనే రెండు తాళాలూ ఇంకో అటెండర్ చేతికి వెళ్లాయి. ఆమెను ఎవరూ తిట్టలేదు. చెయ్యి కుదురులేని మనిషి అని పేరు పడింది, అంతే. నేను చూసినంతలో ఒక్క గాజు గొట్టం కూడా పగలగొట్టని మనిషికి. మా ఇంటికి రావడం మానేసింది.

అద్దం సరిచెయ్యడానికి నేనొక్కదాన్నే కూర్చున్నాను. మూడు వారాలు రుద్దాను. గీత తగ్గకపోగా పొడుగైంది. అప్పుడు తట్టింది, రూతమ్మ చెయ్యి ఆ అద్దం మీద పడి మూడు వారాలైందని.

ఆదివారం సిర్గాపూర్ వెళ్లాను. రూతమ్మ చర్చి నుంచి వచ్చి జొన్నరొట్టెలు చేస్తోంది. కూసోండ్రి అంది, తను లేవలేదు. గీత పెరిగిందని చెప్పాను.

"నేనైతె లేకపోతి. మరి గిప్పుడు ఎవ్వల చెయ్యి వొంకర?" అంది.

ఆమె చేతికింద రొట్టె తిరుగుతూనే ఉంది, చరుపుకో రవ్వంత.

"జూడుండ్రి. తిప్పకుంట ఒక్క దిక్కే కొడ్తె గిది గుండ్రంగ అయితదా? మీరు కుర్చిల కూసొని రుద్దిండ్రు. మొదటి దినమే జూసిన."

అప్పుడే ఎందుకు చెప్పలేదని అడిగాను. "అటెండర్‌ను. నేనేం జెప్త? తిప్పాలెనని నేర్పిందే మీరాయె" అంది.

తప్పు నాదే రూతమ్మా అన్నాను.

"నాకు జెప్తె ఏమొస్తది? స్టాఫ్‌రూమ్ల జెప్పుండ్రి."

అంత మాటన్నా, రెండు రొట్టెలు తినిపించే పంపింది.

సోమవారం స్టాఫ్‌రూమ్‌లో, అదే మనుషుల ముందు, లోపం నా చేతిదేనని, కారణం నా కుర్చీ అని చెప్పాను. ప్రిన్సిపాల్ తాళాలు తెప్పించి రూతమ్మకు ఇచ్చారు. సాయంత్రం ఆమె వచ్చింది. కుర్చీని తనే తీసి వరండాలో పెట్టింది. నేను మోకాళ్లకు పట్టీలు కట్టుకుని, కుంటుతూ డ్రమ్ము చుట్టూ తిరిగాను. రూతమ్మ లెక్కపెట్టేది. "పది అయినయ్, జరుగుండ్రి."

నలభై రోజులు పట్టింది. గీత పొట్టిదైంది, గుడ్డు ఆకారానికి వచ్చింది, ఒక మధ్యాహ్నం చుక్కగా నిలబడింది. సంతోషం పట్టలేకపోయాను. రూతమ్మను చూడమన్నాను. చాలాసేపు చూసి, "రొట్టె కుదిరింది మేడం" అంది. అద్దానికి అల్యూమినియం పూత వేయించి కాలేజీలో బిగించిన సాయంత్రం సందమామను అందరికన్నా ముందు చూసింది ఆమే.

ఆ తర్వాత సర్వీసులో కిందివాళ్ల పని మీద రిమార్కు రాయవలసి వచ్చినప్పుడల్లా, ఆ పని జరుగుతున్నప్పుడు నేనెక్కడ కూర్చున్నానో ముందు చూసుకునేదాన్ని. రెండుసార్లు, రాసిన రిమార్కు చింపేశాను.