రాయని మూడో మాట

మా ఇంట్లో థర్మామీటర్లు నాలుగు. ఒకటి వంటింట్లో, ఒకటి దేవుడి గూట్లో, ఒకటి నా దిండు కింద, ఇంకొకటి మా ఆయన దాల్ మిల్లులో. తాండూరులో కందిపప్పు అమ్మే ఇంట్లో తూకం రాళ్ళ కంటే థర్మామీటర్లు ఎక్కువయ్యాయని మా మరిది ఎగతాళి చేస్తాడు. చేసుకోనీ, వాడికేం పోయింది! పొద్దున లేచి దేవుడికి దండం పెట్టకముందే నేను చిన్నదాని నుదుటి మీద చెయ్యి వేసి చూస్తాను. చల్లగా ఉంటే ఆ రోజు నాకు పండగే.

చిన్నదానికి రెండేళ్ళు, పెద్దదానికి తొమ్మిది. ఇద్దరు ఆడపిల్లలకూ ఒకటే జబ్బు. నాలో సగం, మా ఆయనలో సగం దాక్కుని ఉండి, రెండూ కలిసినప్పుడు బయటపడే జబ్బు. మా ఆయన నాకు మేనబావ, మా అత్త నాకు సొంత మేనత్త. మీ వైపు నుంచి వచ్చిందంటే మీ వైపు నుంచి వచ్చిందని కొట్లాడుకునే భాగ్యం కూడా లేదు మాకు.

పప్పులో, పాలలో, గుడ్డులో ఉండే మాంసకృత్తుల్లో ఒక భాగాన్ని ఈ పిల్లల ఒళ్ళు అరిగించుకోలేదు. అరగనిది విషమై మెదడుకు పోతుంది. మామూలు రోజుల్లో కొలిచి పెడితే గండం గడుస్తుంది. కానీ జ్వరమొచ్చి కడుపు మాడితే, ఒళ్ళు తన కండనే కరిగించుకుని తింటుంది. అప్పుడు ఆ విషం ఒక్కసారిగా పొంగుతుంది. ఒకటి రెండు రోజుల్లో కాళ్ళూ చేతులూ ఆడించే మెదడు భాగం పాడైపోతుంది. పోయింది మళ్ళీ రాదు.

పెద్దదానికి పద్నాలుగో నెలలో అదే అయింది. అప్పటికి జబ్బు పేరు కూడా మాకు తెలియదు. ఇప్పుడది మెడ నిలపలేదు, చేతులు మెలి తిరుగుతాయి, మాట రాదు. అర్థం కానిదంటూ మాత్రం ఏమీ లేదు. వాళ్ళ బాబాయి వేళాకోళాలకు పకపకా నవ్వుతుంది. అవునంటే కళ్ళు పైకెత్తుతుంది, కాదంటే మూసుకుంటుంది.

హైదరాబాద్‌లో ఒక డాక్టరమ్మ ఏళ్ళ తరబడి ఈ జబ్బు వెనకే పడింది. చిన్నది పుట్టగానే మడమ నుంచి రక్తపు బొట్టు తీసి, కార్డు మీద అద్దించి, జబ్బు కనిపెట్టింది ఆవిడే. ఇద్దరు పిల్లల దగ్గరా గోరంత చర్మం తీసుకుంది. ఆ కణాలు ఆవిడ ల్యాబులో గాజు పళ్ళేల్లో పెరుగుతున్నాయి. చెడిపోయిన జన్యువు బదులు మంచిదాన్ని పంపే మందు కోసం వాటి మీద ప్రయత్నాలు చేస్తోంది. వెళ్ళినప్పుడల్లా నేను అడిగేది ఒకటే మాట.

"ఎప్పుడొస్తదమ్మా ఆ మందు?"

"ఎలుకల దాకా వచ్చాం. పిల్లల దాకా ఎప్పుడొస్తామో నేను చెప్పలేను. అప్పటిదాకా జ్వరాన్ని మీరు కాయండి, మందును నేను చూస్తా" అనేది.

ఒకసారి చేతికి పెద్ద ఫారం ఇచ్చింది. "మందు పనిచేసిందో లేదో తెలియాలంటే, మందు లేనప్పుడు ఏం జరిగిందో సరిగ్గా తెలియాలి. అందుకే పెద్దపాప సంగతి ఉన్నదున్నట్టు రాయండి" అంది. అందులో రెండు ప్రశ్నలు నన్ను పట్టుకున్నాయి. జ్వరంలో బిడ్డ ఎంతసేపు ఆహారం లేకుండా ఉంది? జబ్బు పడకముందు ఏమేం మాటలు పలికేది? మొదటిదానికి 'ఒక పూట తినలేదు, కక్కుకుంది' అని రాశాను. రెండోదానికి 'అమ్మ, తాత' అని రెండు మాటలు రాశాను. రెండు జవాబులూ అబద్ధాలే. పక్కనే ఉన్న మా అత్త చూసి కూడా ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనకపోవడమే నన్ను ఎక్కువ మండించింది.

మొన్న వానాకాలంలో ఒక ఉదయం చిన్నదాని నుదురు కాలిపోతోంది. థర్మామీటరు పెడితే నూట రెండు. మా ఆయన కందుల బేరానికి కర్ణాటక వైపు పోయాడు. పిల్లను ఎరిగిన తాండూరు డాక్టరు పరిగిలో పెళ్ళికి వెళ్ళాడట. డాక్టరమ్మ నేర్పినట్టే పప్పూ పాలూ ఆపేసి గ్లూకోజు పొడి కలిపిన నీళ్ళు పట్టించాను. రెండు గుక్కలు తాగి భళ్ళున కక్కింది. కక్కితే ఇంక ఇంట్లో ఉండేది లేదు, సూది ద్వారా ఎక్కించాల్సిందే.

"నువ్వు నడువు బిడ్డా, పెద్దదాన్ని నేను చూసుకుంట. గా కాయితం మర్వకు" అంది అత్త. జ్వరమొస్తే ఏ డాక్టరైనా ఏం చేయాలో డాక్టరమ్మ రాసిచ్చిన ఉత్తరం అది. ప్లాస్టిక్ కవరులో పెట్టి దాచుకున్నాను.

మరిది కారు తీశాడు. హైదరాబాదే పోదామనుకున్నాం. ధారూర్ దాటేసరికి పిల్ల మూడోసారి కక్కి తల వాల్చేసింది. పిలిస్తే కళ్ళు తెరవడం లేదు.

"వదినా, హైదరాబాద్ దాకా ఆగుతదంటవా?"

"ఆగదురా. వికారాబాద్‌ల ఏ దవాఖాన కనవడితే గా దవాఖానకు కొట్టు!"

మొదట కనిపించిన ఆసుపత్రిలోకి పరుగెత్తాను. కుర్ర డాక్టరు మంచివాడే. వెంటనే చూశాడు, సూది పెట్టించాడు. నేను ఉత్తరం ఇచ్చి, "గ్లూకోజ్ ఎక్కియ్యాలె సార్" అన్నాను. "గ్లూకోజే ఎక్కిస్తున్నమమ్మా, పరేషాన్ గాకుండ్రి" అంది నర్సు. నా ప్రాణం కుదుటపడింది. మా దిక్కు వేలాడదీసిన ప్రతి సీసానూ గ్లూకోజే అంటారు, నేనూ అంతే అనేదాన్ని. ఎందుకో తలెత్తి సీసా మీది అక్షరాలు చదివాను. అది ఉప్పునీళ్ళ సెలైను. అందులో గ్లూకోజు చుక్క కూడా లేదు.

పరుగెత్తి డాక్టరును పట్టుకొచ్చాను. ఆయన ఉత్తరం తిప్పి చూశాడు. ఆ జబ్బు పేరు ఎప్పుడూ విననేలేదన్నాడు. డాక్టరమ్మకు ఫోన్ చేస్తే మోగి మోగి ఆగిపోయింది.

"అంత గ్లూకోజు చిన్నపిల్లకు ఒకేసారి ఎక్కిస్తే కష్టమమ్మా. పెద్ద డాక్టరుతో మాట్లాడనివ్వండి. వాంతులున్నాయి కాబట్టి రేపు పొద్దటి దాకా నోటితో ఏమీ ఇవ్వకండి. కడుపుకు కాస్త విశ్రాంతి కావాలి" అన్నాడు.

అంటే లంఖణం. ఇంగ్లీషు చదువు చదివిన మనిషి నోట మళ్ళీ అదే వచ్చింది. నేను ఒంటికాలి మీద లేచాను. ఏమేం తిట్టానో నాకే గుర్తులేదు. మరిది చెయ్యి పట్టుకుని ఆపబోయాడు. విదిలించుకున్నాను. అప్పుడు, దాదాపు ఎనిమిదేళ్ళుగా కట్టుకున్న మొగుడికి కూడా చెప్పకుండా దాచుకున్నది, ఆ ముక్కూమొహం తెలియని డాక్టరు ముందు నా నోట్లోంచి వచ్చేసింది.

"సార్, నా పెద్ద బిడ్డ తినక గట్లయితే కాలె. నేనే లంఖణం పెట్టిన. జ్వరమొస్తే మా అమ్మ మాకు గట్లనే చేసేది. రెండు దినాలు కడుపు ఎండవెట్టిన సార్. గిన్నె దిక్కు చెయ్యి చూపిచ్చి బువ్వ, బువ్వ అని ఏడ్చింది. మా అత్త జర గంజన్న పోస్తనంటే, నీకేం తెల్వదు ఊకో అన్న. మూడో నాడు దాని చేతులు మెలి తిరిగినయ్. మల్ల మాట్లాడలె. గదే దాని ఆఖరు మాట. దీన్ని గూడ పండవెట్టమంటవా?"

ఆయన నా ముఖంలోకి చూశాడు. ఉత్తరాన్ని మొదటి నుంచి మళ్ళీ చదివాడు, ఈసారి వేలు పెట్టి ఒక్కో వరుసా. వేలికొసన రక్తం తీసి చక్కెర చూశాడు, బాగా పడిపోయి ఉంది. ఇంకో మాట లేకుండా సీసా మార్పించాడు. కాసేపటికి డాక్టరమ్మే ఫోన్ చేసింది. ఇద్దరూ మాట్లాడుకుంటుంటే నాకు ఒక్క ముక్కా చెవికెక్కలేదు. నేను పిల్ల చేతులనే చూస్తున్నాను. వేళ్ళు కొంచెం వంకర తిరిగినా మెలి మొదలైందేమోనని ప్రాణం పోయినంత పనయ్యేది. మరిది టీ తెచ్చి పెట్టాడు, అది మీగడ కట్టి అక్కడే ఉండిపోయింది. నాకు జీవితంలో అంత భయం ఎప్పుడూ వేయలేదు. పెద్దదానప్పుడు కూడా వేయలేదు, అప్పుడు నాకేం తెలుసని భయపడటానికి?

మర్నాడు పొద్దున సూది చుట్టూ వేసిన టేపును ఎవరో పరపరా పీకుతున్న చప్పుడైంది. చిన్నది. రెండు వేళ్ళతో కొస పట్టుకుని లాగుతోంది. వద్దని చెయ్యి అడ్డం పెడితే నా వేలు పట్టుకుని కసుక్కున కొరికింది. నేను ఏడుస్తూ, కొరుకు తల్లీ, ఇంకా కొరుకు అన్నాను. డాక్టరు వచ్చి రెండు చేతులూ, కాళ్ళూ ఆడించి చూసి, ఏమీ కాలేదమ్మా అన్నాడు.

ఇంటికొచ్చిన రోజే డాక్టరమ్మకు ఫోన్ చేశాను. లోపలి గదిలోకి పోయి చేయవచ్చు. పోలేదు. పెద్దది అత్త ఒళ్ళో ఒరిగి ఉంది. దాని ఎదురుగానే కూర్చున్నాను.

"అమ్మా, ఫారంల నేను తప్పు రాసిన. తినలేదు అని రాసిన గద, గట్ల కాదు. నేనే పెట్టలె. ఒక పూట గూడ కాదు, రెండు దినాలు."

"మంచి పని చేశారు చెప్పి" అంది డాక్టరమ్మ మెల్లగా. "ఆ గంటల లెక్క మాకు చాలా అవసరం. ఇంకేమైనా మార్చాలా?"

"మాటలు రెండు కావమ్మా, మూడు."

"మూడోది ఏంటి?"

పెద్దదాని కళ్ళు నా మీదే ఉన్నాయి. తల దించుకుందామనుకున్నాను గానీ, ఆ కళ్ళలోకే చూస్తూ చెప్పాను.

"బువ్వ."

పెద్దది కళ్ళు పైకెత్తింది. అత్త దాన్ని మెల్లగా నా ఒళ్ళోకి మార్చి, గంజి కాయడానికి వంటింట్లోకి పోయింది.