మూడు తీర్ల ఆలోచించే హఫీజన్న

హఫీజన్న ఏ పనికైనా మూడు తీర్ల ఆలోచిస్తాడు. చేస్తే ఏం జరుగుతుంది? నియమం ఏమంటుంది? మంచి మనిషైతే ఏం చేస్తాడు? పట్నంలో నీతిశాస్త్రం చదివి వచ్చి, నారాయణఖేడ్‌లో ఇంటర్ పిల్లలకు పౌరశాస్త్రం చెబుతాడు. మా ఆయన శివరాజ్‌కు చిన్ననాటి దోస్తు.

ఒకసారి మా ఇంట్లో చాయ్ ఒక గుక్క తాగి, గ్లాసు పట్టుకొని అట్లాగే కూర్చున్నాడు.

"ఏందన్నా, మంచిగ లేదా?" అన్నాను.

"ఆగు చెల్లె. నిజం చెప్తే నీ మనసు నొస్తది. చెప్పకుంటే అబద్ధమైతది. మంచి మనిషైతే..."

ఆ మంచి మనిషి సంగతి తేలేలోపు మా ఆయన తన గ్లాసు ఎత్తి, "ఉప్పేసినవ్ గదనే!" అని అరిచాడు.

శివరాజ్ కంగ్టికి ఆటో నడుపుతాడు. కిందటి వానాకాలం ఒక పొద్దున హఫీజన్న వచ్చి, నేరుగా డ్రైవర్ సీట్లో కూర్చుని తాళంచెవి జేబులో వేసుకున్నాడు.

"జరుగు రా, గిరాకీ పోతది," అన్నాడు మా ఆయన.

"జర ఆగు. ఒకడు ఎవ్వరికీ చెప్పనని దోస్తుకు మాటిచ్చిండు. చెప్పకుంటేనేమో నలుగురి పానం మీదికి వస్తది. ఇగ వాడేం చెయ్యాలె?"

"నోరు మూసుకోవాలె."

"నియమం గట్లనే అంటది. మరి ఫలితం?"

ఫలితం ఏమిటంటే, గిరాకీ వేరే ఆటో ఎక్కి వెళ్లిపోయింది. మర్నాడూ అదే తంతు. ఆ మరుసటి రోజు మళ్లీ వచ్చేసరికి నాకు ఒళ్లు మండింది.

"అన్నా, నీ మంచి మనిషి మా ఇంట్ల బియ్యం పోస్తడా?"

ఆయన తల దించుకున్నాడు గానీ సీటు దిగలేదు. మా ఆయనకు ఓపిక నశించింది.

"నా కుడికన్ను కనబడకుంటే నీకేంది రా! మొన్న బర్రెకు తగల్లేదు గద, బండి పక్కనుంచే పోయింది గద!"

"కుడికన్నా?" అన్నాను నేను.

హఫీజన్న ముఖం వెలిగిపోయింది. "నేను చెప్పలేదు చెల్లె. విన్నవ్ గద, వాడే చెప్పిండు!"

కంట్లో పొర కమ్మిందని తేలింది. సంగారెడ్డి దవాఖానలో శివరాజ్‌ను ఆపరేషన్‌కు లోపలికి తీసుకెళ్లాక, నేనూ హఫీజన్నా బయట బల్ల మీద కూర్చున్నాం. ఆ పొద్దుటిపూటలన్నీ ఆయన కాలేజీకి సెలవు పెట్టి వచ్చాడని అప్పుడే తెలిసింది.

"మూడిట్ల ఏది చూసి తేల్చుకున్నవన్నా?" అని అడిగాను.

"ఏదీ లేదు చెల్లె. బర్రె ఎదురైన దినం నేనూ బండిలనే ఉన్న. అప్పుడే అనుకున్న, వాన్ని ఇగ బండి ఎక్కనియ్యొద్దని. నీతిశాస్త్రం వాన్ని ఆపనీకి పనికొచ్చింది, గంతే."

ఆయనకు రెండు చేతులా దండం పెట్టాలనిపించింది. పెడితే తీసుకోవచ్చా లేదా అని మళ్లీ మూడు తీర్ల మొదలుపెడతాడని, ఊరుకొని రొట్టెల డబ్బా మూత తీసి ఇచ్చాను.

మర్నాడు కట్టు విప్పారు. మా ఆయన కళ్లు చికిలించి, ముందు నన్ను చూసి నవ్వాడు. తర్వాత హఫీజన్న వైపు తిరిగి, "అరే, ఇంత ముసలోడివైనవేంది రా!" అన్నాడు.

హఫీజన్న కాసేపు ఆలోచించి నాతో అన్నాడు:

"చెల్లె, ఏ తీరుగ చూసినా వాడు గా మాట అనొద్దుండె."