పొద్దు ఆలస్యంగా గూకే నెల

యూరప్‌కు ఏ నెలలో వెళ్లాలన్న ఒక్క ప్రశ్న హరికిషన్‌ను ఏడాదిగా కుదురుగా కూర్చోనివ్వడం లేదు. ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో మీటర్లు తనిఖీ చేసి చేసి రిటైరైన మనిషి. సొరకాయనైనా గోరు గుచ్చి చూడనిదే కొనడు. అలాంటివాడు ఒక ఖండాన్ని ఊరికే ఎంచుకుంటాడా? ఏప్రిల్‌లో పూలు బాగుంటాయి కానీ వానలట. ఆగస్టులో ఎండ కాస్తుంది కానీ జనం తొక్కిసలాటట. అక్టోబరులో ఆకులు రంగు మారతాయట, మారితే మనకేం ఒరిగింది! వాకింగ్‌లో దొరికిన ప్రతివాణ్ణీ అడిగి, వాళ్ల బుర్రలు తిని, చివరికి డిసెంబరు దగ్గర ఆగాడు. మంచు, క్రిస్మస్ దీపాలు, రాత్రిళ్లు వెలిగిపోయే అంగళ్లు.

"దీపాలు చూడాలె లతా. జిందగీల ఒక్కసారి పోతున్నం. గవి చూడకుంటె ఏం చూసినట్టు?"

భార్య కల్పలత కుట్టుమిషన్ ఆపకుండానే, "నాకు చలి పడది," అంది.

పచ్చి అబద్ధం. జనవరిలో కూడా చన్నీళ్లు పోసుకునే మనిషి ఆమె.

ఏ.ఎస్. రావు నగర్‌లో ఆమెది చిన్న కొట్టు. చీరలకు ఫాల్స్, పీకో, బ్లౌజులు. ఆ వీధిలో సగం పెళ్లిళ్లు ఆమె కుట్టిన జాకెట్లతోనే జరిగాయంటే కోతలు కావు. కానీ రెండేళ్లుగా పొద్దు వాలకముందే షట్టర్ దించేస్తోంది. అడిగినవాళ్లకు నడుం నొప్పంటుంది. అసలు సంగతి, వెలుతురు తగ్గితే ఆమెకు కనపడదు. రేచీకటి. దీపం కింద ఉన్నది కాస్త తెలుస్తుంది, పక్కన గోడ ఉన్నా లేనట్టే. ఒక మధ్యాహ్నం ఎవరికీ చెప్పకుండా డాక్టరు దగ్గరికి వెళ్లింది. ఇది వంశంలో వచ్చేదని, చూపు అంచుల నుంచి మెల్లగా మూసుకుపోతుందని, మందు లేదని, ఎన్నాళ్లు నిలుస్తుందో చెప్పలేనని ఆయన అన్నాడు.

వంశం అనగానే ఆమెకు నాన్న గుర్తొచ్చాడు. బోయిన్‌పల్లి మార్కెట్లో కూరగాయల బస్తాలు మోసిన మనిషి. చూపు తగ్గిందని తెలిసిన రోజు నుంచి ఇంట్లోవాళ్లు ఆయన్ని మంచం దిగనివ్వలేదు. "నువ్వు కూసో నాయినా" అంటూ నీళ్లు, అన్నం అన్నీ అక్కడికే తెచ్చిపెట్టారు. అదంతా ప్రేమే, ఎవరూ కాదనలేరు. ఆ ప్రేమలో కూర్చుని కూర్చుని ఆయన నడకే మరిచిపోయాడు. అందుకే కల్పలత ఈ సంగతి కడుపులో దాచుకుంది. ఆమెకు చీకటికంటే ఆ మంచమంటేనే ఎక్కువ భయం.

యూరప్ మీద ఆశ లేదా అంటే, మొగుడికన్నా ఆమెకే ఎక్కువ. చూపు ఉండగానే చూసేయాలి. కానీ బ్లౌజులు కుట్టించుకునే ప్రిసిల్లా ఒకసారి, జర్మనీలో నర్సుగా ఉన్న చెల్లెలి కబుర్లు చెబుతూ, డిసెంబరులో అక్కడ చాయ్ వేళకే చీకటి పడుతుందంది. అప్పటినుంచి కల్పలతకు కంటిమీద కునుకు లేదు. అంత దూరం పోయి, అందరూ దీపాలు చూసి మురిసిపోతుంటే, తాను కాలికింద మెట్టు కోసం తడుముకోవాలా?

"స్వెట్టర్లు తెచ్చిన, మంకీ క్యాప్ తెచ్చిన. ఇంకేం చలి?" అన్నాడు హరికిషన్.

"కాళ్లు గుంజుతున్నయి. అంత నడుసుడు నాతోని కాదు."

"నాతోని వచ్చుడే నీకు ఇష్టం లేదు. గదే చెప్పరాదు?"

ఆ మాట ఆమెకు సూటిగా తగిలింది. వంటింట్లోకి వెళ్లి కుక్కర్ కూతల మాటున ఏడ్చింది.

ఆదివారం ఇద్దరూ చిలకలగూడ వెళ్లారు. యాత్రలకు మనుషుల్ని కూడగట్టే విజయేందర్ ఆఫీసు అక్కడే, మేడమీద. డిసెంబరు బ్యాచ్‌లో పేర్లు ఇవ్వాలి. హరికిషన్ అడిగిన ప్రశ్నకు మరో ప్రశ్న తగిలిస్తూ పోయాడు. కిటికీలో వెలుగు సన్నగిల్లుతుంటే కల్పలత మాటిమాటికీ అటే చూసింది. కింద చాయ్ తాగొచ్చి పేర్లు రాసుకుందామని లేచేసరికి పొద్దు గూకింది.

మగవాళ్లిద్దరూ మాట్లాడుకుంటూ మెట్లు దిగిపోయారు. ఆమె మొదటి మెట్టు కోసం చెప్పుతో తడిమి, కాలు వెనక్కి లాక్కుంది.

"లతా, రావేందీ?" కిందినుంచి భర్త గొంతు.

"చలికి పరేషాన్ గాకు వదినా, మా బ్యాచ్‌ల డాక్టర్ సుత ఉంటడు," విజయేందర్ నవ్వుతున్నాడు.

కాళ్ల నొప్పి అబద్ధం నాలుకమీదే సిద్ధంగా ఉంది. కానీ అలసిపోయింది.

"నాకు కనిపిస్తలేదు," అంది.

"ఏం కనిపిస్తలేదు?"

"మెట్లు. మీరు. ఏదీ కనిపిస్తలేదు. చీకటైతె నాకేం కనపడది. రెండేండ్లయింది."

హరికిషన్ పైకొచ్చి చెయ్యి పట్టుకున్నాడు. పేర్లు ఇవ్వలేదు. ఆటోలోనూ ఆ చెయ్యి వదల్లేదు. ఇంటికి రాగానే ఉన్న లైట్లన్నీ వేసి, ఆమె ఎదురుగా కూలబడ్డాడు. ఆమె డాక్టరు మాటా, నాన్న మంచం సంగతీ అన్నీ చెప్పేసింది.

"నాకెందుకు చెప్పలేదే?"

"చెప్తె కూసోబెడ్తరు."

ఆయన తల దించుకున్నాడు. మీటరులో వెంట్రుకవాసి తేడా పట్టిన కళ్లకు పక్కమనిషి కనపడలేదే అని కుమిలిపోతున్నాడని ఆమెకు తెలుస్తూనే ఉంది. జాలేసింది, కోపమూ వచ్చింది.

తెల్లారి విజయేందర్‌కు ఫోన్ చేసి ఒక్కటే అడిగాడు. "అక్కడ ఏ నెలల పొద్దు అన్నిటికన్న ఆలస్యంగా గూకుతది?"

"జూన్ల అన్నా. రాత్రి తొమ్మిది దాటినా వెలుతురే. గని రష్ బాగుంటది, రేట్లు సుత—"

"జూన్‌కే మా పేర్లు రాయి."

కల్పలత కళ్లు నిండాయి. కానీ జూన్ ఇంకా చాలా దూరం. అప్పటిదాకా చూపు నిలుస్తుందా అని ఆమె అడగలేదు, ఆయనా అనలేదు. ఇద్దరి మనసులోనూ అదే ఉంది.

ఆ మధ్యాహ్నమే హరికిషన్ ఆమె కొట్టు దగ్గరికి వచ్చాడు. వీధిలో ఎండ ఇంకా దండిగా ఉంది. ఆమె చేతిలో కత్తెర తీసి పక్కన పెట్టాడు. షట్టర్ సగం దించాడు. కుర్చీ లాగాడు.

"ఇగ చాలు. నువ్వు కూసో. నీళ్లు తెస్తా."

నాన్నకు ఇంట్లోవాళ్లు చెప్పిన మాటే అది. నాన్న మంచం కళ్లముందు కదిలింది. కూర్చోకుండానే వెళ్లి, రెండు చేతులా షట్టర్ పైకి తోసింది.

"పొద్దింక గూకలే," అంది. "గూకినంక చెయ్యి పట్టుకొని తీస్కపోండ్రి, వస్త. అప్పటిదాక నన్ను కూసోబెట్టకుండ్రి."

 హరికిషన్ కత్తెర తిరిగి ఆమె చేతికిచ్చి, ఆమె కోసం లాగిన కుర్చీలో తానే కూర్చున్నాడు, పొద్దు గూకేదాకా.