చప్పుడు లేని ఆట

మా చిన్నప్పుడు... మేడ్చల్‌లో మా ఒక్క గది ఇంట్లో అరుస్తూనే మాట్లాడుకునేవారు. ఉప్పు అందించమన్నా అరుపే. పక్కింటి అవ్వ గోడ మీది నుంచి తొంగి చూసి, ఇయ్యాల దేనికి పంచాయితీ అని అడిగేది.

పంచాయితీ ఏమీ లేదు. మా నాన్న... బాపుకు సరిగ్గా వినపడదు, అంతే. జీడిమెట్లలో రేకు డబ్బాలు చేసే కంపెనీలో పెద్ద ప్రెస్ మిషన్ మీద పని. దెబ్బ పడినప్పుడల్లా నేల అదిరేదట. పర్మినెంటు వాళ్ళకు చెవుల మీద పెట్టుకునే మూతలు ఇచ్చేవారు. బాపు కాంట్రాక్టు... అమ్మ దీపం వత్తులకు తెచ్చిన దూది ఇంత తుంచుకుని చెవుల్లో పెట్టుకునేవాడు.

నాకేమో గొంతే లేచేది కాదు. స్కూల్లో సిస్టర్లు మెల్లగా మాట్లాడమనేవారు, నాకు అదే హాయి. ఇంటికొస్తే బాపు "ఏందీ?" అని చెయ్యి చెవికి ఆనించేవాడు. రెండోసారి చెప్పడానికి సిగ్గేసి ఊరుకునేదాన్ని.

అప్పుడు బాపే ఒక ఆట మొదలుపెట్టాడు. నేను చప్పుడు లేకుండా పెదాలు మాత్రం కదపాలి... ఆయన ఆ మాట చెప్పాలి. నేను పాప అంటే మామ అనేవాడు. అమ్మ తోముతున్న గిన్నె వదిలేసి నవ్వేది. నాలాంటి దానికి అంతకన్నా మంచి ఆట ఏముంటుంది...

కొన్నాళ్ళకు ఆట మారింది. నేను డాక్టర్‌ను. పేరేంది, ఏ ఊరు, ఎన్నేండ్లు... పెదాలతోనే అడగాలి. తప్పు చెబితే బాపు నవ్వేవాడు కాదు, మళ్ళీ అడగమనేవాడు. అమ్మ కూడా నవ్వడం మానేసింది. కంపెనీలో అందరి చెవులూ చూస్తారట, వినపడని కాంట్రాక్టు వాళ్ళను తీసేస్తారట. అమ్మ అవ్వతో చెబుతుంటే విన్నాను. ఇక నేను అన్నం తినేటప్పుడు కూడా బాపును వదల్లేదు.

పరీక్ష రోజు బాపు పొద్దుండగానే వచ్చి, చెప్పులు విప్పకుండా గడప మీద కూర్చున్నాడు.

"డాక్టర్ తల ఎత్తనే లేదు బిడ్డా. కాగితం చూసుకుంటనే అడిగిండు. ఎన్నేండ్లు అంటే మేడ్చల్ అన్ననంట... మస్తు నవ్విండ్రు."

మా ఆటలో మేము ఎప్పుడూ ఎదురెదురుగానే కూర్చున్నాం మరి.

పక్క మిషన్ మీది పర్మినెంటు ఆయనకూ వినపడలేదట. ఆయనను స్టోర్స్‌లోకి మార్చారు. బాపును ఇక రావద్దన్నారు.

ఇప్పుడు నేను తుర్కపల్లి దగ్గర ఒక ల్యాబ్‌లో చేస్తున్నాను. ఈ వారం మాకు చెవుల పరీక్ష చేశారు... అద్దాల గదిలో, హెడ్‌ఫోన్స్ పెట్టి. అంతా బాగుందన్నారు. బయటికి వస్తుంటే, సీసాలు కడిగే మిషన్ దగ్గర పనిచేసే కాంట్రాక్టు అక్క మాస్కు దించి, దూరం నుంచే తిన్నవా అంది. ఆ రొదలో ఏమీ వినపడలేదు. కానీ పెదాలు చూస్తే నాకు తెలిసిపోయింది.

దగ్గరికి వెళ్ళి అడిగాను.

"నీకు చేసిండ్రా అక్కా, చెవుల పరీక్ష?"

ఆమె నా కళ్ళలోకి చూడలేదు. నా పెదాలనే చూస్తోంది.

అప్పటి నుంచి మనసు ఒక దగ్గర నిలవడం లేదు. పుస్తకం తీస్తాను, మూసేస్తాను. మా ఇంట్లో ఇప్పుడు ఎవరూ అరవరు... బాపు టీవీ చప్పుడు పూర్తిగా తీసేసి బొమ్మలు చూస్తాడు.

మీ ఇళ్ళల్లో కూడా గట్టిగా మాట్లాడేవాళ్ళు ఉండేవారా? వాళ్ళు ఎక్కడ పనిచేసేవారో కాస్త చెప్పండి...