వెళ్ళొచ్చిందెవరు?

ఆదివారం ఉదయం వంటింటి గట్టు మీద పెట్టిన ఫోను బుర్రుమని వణికింది. పక్కనున్న స్టీలు గిన్నె దానికి తాళం వేసింది. ఆ చప్పుడు వింటే నాకు ఇప్పటికీ ఒకప్పుడు పనిచేసిన కేబుల్ ఆఫీసులో స్టెబిలైజరు మీద పెట్టిన టీ గ్లాసులు గుర్తొస్తాయి. తడిచేతులు తుడుచుకుని చూశాను. మా అపార్టుమెంటు గ్రూపులో సెక్రటరీ పెట్టిన మెసేజీ అది. రెండో అంతస్తులో ఉండే రామ్మోహనరావు గారు తెల్లవారుజామున కాలం చేశారని. దాని కింద అప్పటికే ముప్ఫై మంది దండం బొమ్మలు పెట్టేశారు. నేను ఫోను అక్కడే వదిలేసి చెప్పులు వేసుకుంటుంటే మా అమ్మాయి తల ఎత్తింది.

"అందరూ పెట్టేశారమ్మా. నువ్వొక్కదానివే పెట్టలేదు."

"వెళ్ళొచ్చి పెడతాను," అన్నాను.

ఆ మాట నాది కాదు, కరీం గారిది. తొంభైల చివర్లో ఆయన పటమటలో కేబుల్ టీవీ నడిపేవారు. అంతకుముందు రేడియోలూ టేప్‌రికార్డర్లూ బాగుచేసేవారట. నేను అప్పుడే కంప్యూటరు కోర్సు పూర్తి చేసి, గన్నవరం దగ్గర మా ఊరి నుంచి రోజూ బస్సులో వచ్చి ఆయన దగ్గర పనిచేసేదాన్ని. ఆ రోజుల్లో కేబుల్ వాళ్ళకు సొంతంగా ఒక లోకల్ ఛానెల్ ఉండేది. మధ్యాహ్నం పాత సినిమా వేసేవాళ్ళం. బొమ్మ అడుగున కుడి నుంచి ఎడమకు అక్షరాలు పాకుతూ ఉండేవి. దాన్నే స్క్రోలింగ్ అనేవాళ్ళం. పుట్టినరోజు శుభాకాంక్షలు, చీరల డిస్కౌంటు, తప్పిపోయిన కుక్కపిల్ల, నీళ్ళు రాని వేళలు, అన్నీ అందులోనే. వాటిని టైపు చేసి ఎక్కించడమే నా ఉద్యోగం.

కంప్యూటరు గదిలోకి చెప్పులతో రానిచ్చేవారు కాదు. అక్కడ ఏసీ కూడా మా కోసం కాదు, దాని కోసం. అయినా నాకు గర్వంగానే ఉండేది. ఇక్కడ నేనొక మీట నొక్కితే అక్కడ వందల ఇళ్ళల్లో జనం చదువుతున్నారు! సాయంత్రం బస్సులో పక్కనున్నావిడ నేను రాసిన కబురే నాకు చెబుతుంటే, లోపల పొంగిపోతూ ఏమీ ఎరగనట్టు వినేదాన్ని.

కరీం గారు దేనికీ పెద్దగా అడ్డు చెప్పేవారు కాదు. ఒక్క చావు కబురు దగ్గర మాత్రం పట్టుదల. ఎవరైనా పోయారని ఫోను వస్తే అడ్రసు రాసుకుని, గుమ్మం బయట చెప్పులు తొడుక్కుని, స్కూటరు మీద ఆ ఇంటికి వెళ్ళేవారు. అరగంటకో గంటకో తిరిగొచ్చాకే నాకు పేరు చెప్పేవారు. నాకు ఒళ్ళు మండేది.

"అవతల వాళ్ళు ఏడుస్తూ ఫోన్ చేస్తే అబద్ధం చెప్తారా సార్? మీరెళ్ళి వచ్చేసరికి వాళ్ళు తీసుకెళ్ళిపోయేలా ఉన్నారు. చావు కబురు చల్లగా చెప్పడమంటే ఇదే," అన్నాను ఒకసారి.

ఆయన నవ్వారు. "చల్లగానే చెప్పాలమ్మా పద్మా. అది వేడివేడిగా చెప్పే కబురా?"

చాదస్తం అనుకున్నాను. ముసలాయనకి కంప్యూటరు ఉన్నా బుర్ర ఇంకా స్కూటరు మీదే ఉందని నా స్నేహితురాలితో చెప్పుకుని నవ్వాను కూడా. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఒక మధ్యాహ్నం ఆయన గుణదల వైపు ఎక్కడో లైను తెగిందని వెళ్ళారు. నేనొక్కదాన్నే ఉన్నాను. ఫోను మోగింది. అవతల ఒకాయన వెక్కివెక్కి ఏడుస్తున్నాడు. పటమటలోనే అవతలి వైపు ఉండే రిటైర్డ్ టీచరు సుశీలమ్మ గారు ఆసుపత్రిలో పోయారట. ఆయన ఆవిడ మేనల్లుడట. "కాస్త వేసెయ్యండమ్మా, ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్ళు ఊరంతా ఉన్నారు," అన్నాడు. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. వెళ్ళి చూడటానికి నాకు స్కూటరు లేదు, ఆఫీసు వదలడానికి లేదు. ఆ ఏడుపు విన్నాక ఇంకేం చూడాలి? త్వరగా వేయడమే సాయం అనుకున్నాను. పేరు ముందు "గౌరవనీయులైన" అని నా సొంతంగా చేర్చి ఎక్కించేశాను.

ముప్పావుగంటకు మళ్ళీ ఫోను. కరీం గారు. గుణదలలో లైను అతికించి, బొమ్మ సరిగ్గా వస్తోందో లేదోనని ఆ ఇంటివాళ్ళ టీవీ చూస్తుంటే అడుగున ఆ పేరు పాకిందట.

"వెళ్ళొచ్చిందెవరమ్మా?" అని అడిగారు.

నా కళ్ళు తెర మీద పాకుతున్న ఆ పేరు మీదికి వెళ్ళాయి.

"తీసెయ్," అన్నారు. అంతే, పెట్టేశారు. ఆ పేరు తీసేశాను.

స్క్రోలింగులో ఆసుపత్రి పేరు కూడా ఉంది, ఆయన నేరుగా అక్కడికే వెళ్ళారు. సుశీలమ్మ గారు బతికే ఉన్నారు. ఏదో పరీక్షకని ఆవిడను పై అంతస్తుకు తీసుకెళ్ళారు. అదే సమయానికి పక్క మంచం మీది మనిషి పోతే వాళ్ళ తాలూకు వాళ్ళు గొల్లుమన్నారు. లోపలికొచ్చిన మేనల్లుడు ఖాళీ మంచం చూశాడు, ఏడుపులు విన్నాడు. ఇంకేమీ అడక్కుండా బయటికి పరిగెత్తి మాకు ఫోను చేశాడు. ఆఫీసుకొచ్చి ఆ సంగతి చెప్పి కరీం గారు "పద" అన్నారు. స్కూటరు వెనక కూర్చున్నాను. ఆయన ఒక్కమాట తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

సుశీలమ్మ గారి ఇంట్లో ఆవిడ భర్త ఉన్నారు. అందరూ మాస్టారు అనేవారు. కాలు విరిగి కట్టుతో మంచానికి అతుక్కుపోయిన మనిషి. కొడుకు తల్లి దగ్గర ఆసుపత్రిలో ఉన్నాడు. మాస్టారు ఒక్కరే మధ్యాహ్నం సినిమా పెట్టుకుని చూస్తుంటే, దాని అడుగున భార్య పేరు వచ్చింది. ఇరుగుపొరుగు కూడా అదే చదివి ఏడుస్తూ వచ్చేసరికి ఆయనకు ఇక అనుమానం మిగల్లేదు. మేం వెళ్ళేసరికి మంచం మీద కట్టు కాలు చాపుకుని, ఆవిడ ఇంట్లో మరిచిపోయిన కళ్ళజోడు అద్దాలను కండువా అంచుతో తుడుస్తున్నారు. తుడిచినవే మళ్ళీ తుడుస్తున్నారు.

కరీం గారు ఆ మంచం పక్కన నేల మీద కూర్చున్నారు.

"మాస్టారూ, తప్పు మాదండీ. అమ్మగారు బాగున్నారు. నేను నా కళ్ళతో చూసి వస్తున్నా. మాట్లాడారు కూడా. మధ్యాహ్నం బీపీ మాత్ర వేసుకున్నారో లేదో కనుక్కోమన్నారు మిమ్మల్ని."

మాస్టారు తుడవడం ఆపారు. "మాత్రా?" అన్నారు. "వేసుకోలేదండీ." తలగడ కింద తడుముకుని మాత్రల అట్ట తీశారు. ఒకటి చేతిలో వేసుకుని, దాన్ని చూస్తూ భోరున ఏడ్చారు. ఆ మాట మాత్రం సుశీలమ్మ గారిదేనని ఆయనకు తెలిసినట్టుంది.

"నేనేనండీ రాసింది," అన్నాను. ఆయన కళ్ళు తుడుచుకుని, "కూర్చో అమ్మా," అన్నారు. నన్ను తిట్టని రెండో మనిషి. కూర్చున్నానే గానీ, తప్పయిందని వెంటనే స్క్రోలింగ్ వేయాలని నా కాళ్ళు ఒకటే తొందర. ఆ మాటే కరీం గారి చెవిలో చెప్పాను.

"వీధిలోవాళ్ళకి ఇక్కడికొచ్చినవాళ్ళే చెప్పేస్తారులే. స్క్రోలింగ్ ఎక్కడికీ పోదు. కాసేపు కూర్చో," అన్నారు.

కొడుకు వచ్చేదాకా కూర్చున్నాం. తర్వాత ఆఫీసుకొచ్చి, సుశీలమ్మ గారు క్షేమమనీ, తప్పుడు కబురు చెప్పినందుకు క్షమించమనీ టైపు చేశాను. చివర నా పేరు పెట్టబోతే ఆయన ఒప్పుకోలేదు. "కరీం అని పెట్టు," అన్నారు. మూడు రోజులు అది పాకింది. ఉద్యోగం పోయినట్టేనని అనుకుని, నాలుగో రోజు టిఫిన్ డబ్బా కూడా తెచ్చుకోకుండా వెళ్ళాను. ఆయన నా ముందు ఒక పాత లేడీస్ సైకిలు పెట్టారు. వాళ్ళమ్మాయిదట.

"ఇకనుంచి చావు కబుర్లకి నువ్వెళ్ళు," అన్నారు.

రెండేళ్ళు వెళ్ళాను. నిజమో కాదో చూడటానికైతే గుమ్మం దాకా చాలు, ఒక్క నిమిషం చాలు. కానీ వెళ్ళాక నిమిషంలో లేచి రాలేం. ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుంటారు. పోయినాయనకు మామిడికాయ పప్పు ఇష్టమనో, నిన్న రాత్రి కూడా నవ్వుతూ మాట్లాడాడనో చెబుతారు. కరీం గారికి అరగంట ఎందుకు పట్టేదో నాకు సైకిలు మీద తిరిగాక అర్థమైంది. ఇక సుశీలమ్మ గారు ఇంటికొచ్చిన వారానికి నాకు ఫోను చేశారు. "నన్ను చంపేసిన పిల్లవి నువ్వేనా? 'గౌరవనీయులైన' అని కూడా పెట్టావటగా. బతికుండగా ఎవరూ అనలేదే తల్లీ!" అని నవ్వారు. నేను ఇటు ఏడుస్తున్నాను.

తర్వాత పెద్ద కంపెనీలొచ్చి లైన్లన్నీ తీసుకున్నాయి. లోకల్ ఛానెల్ ఆగిపోయింది. నేను ఒక కాలేజీ ఆఫీసులో చేరాను. కొన్నేళ్ళకు కరీం గారు పోయారు. ఆయన కబురు ఏ తెర అడుగునా పాకలేదు. నాకు పన్నెండు రోజుల తర్వాత తెలిసింది. అయినా వెళ్ళాను. వాళ్ళావిడ పక్కన సాయంత్రం దాకా కూర్చున్నాను. ఆ పన్నెండు రోజులు మాత్రం ఇప్పటికీ నన్ను వదల్లేదు.

ఆదివారం నాలుగో అంతస్తు నుంచి రెండో అంతస్తుకు దిగాను. రామ్మోహనరావు గారి గుమ్మం బయట ఒక్క జత చెప్పులు కూడా లేవు. ఒక్క క్షణం ఆశ పుట్టింది, కబురు తప్పేమోనని. తలుపు తోశాను. తప్పు కాదు. వాచ్‌మన్ సాయం పట్టాడు కాబోలు, ఆయనను చాప మీద పడుకోబెట్టారు. తల దగ్గర దీపం. పక్కన వాళ్ళావిడ ఒక్కరే కూర్చుని ఉన్నారు. పిల్లలు బెంగళూరు నుంచి బయల్దేరారట. ఆవిడ ఒళ్ళో ఫోను ఆగకుండా మోగుతోంది, ఒకదాని మీద ఒకటి దండాలు.

"ఎవరూ రాలేదమ్మా ఇంకా," అన్నారు. ఫోను నా వైపు చాపారు. "వీళ్ళందరికీ జవాబివ్వాలా?"

"తర్వాత ఇద్దాం లెండి పిన్నిగారూ," అని దాన్ని తీసి పక్కన పెట్టి, ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. ఆయనకు పొద్దున్నే కాఫీలో పంచదార తక్కువైతే కోపం వచ్చేదని చెప్పారు. వింటున్నాను. కాసేపటికి మెట్ల మీద చెప్పుల చప్పుడయింది. మా అమ్మాయి. గుమ్మం బయట చెప్పులు విడిచి, ఏమీ అడక్కుండా వచ్చి నా పక్కన కూర్చుంది.