ఆదివారం నాలుగింటి వదినగారు

మా వియ్యపురాలు పోయారు. శుక్రవారం పొద్దున్న పూజ ముగించి లేస్తుండగా అమ్మాయి ఫోన్ చేసి, "అమ్మా, అత్తమ్మ ఇక లేరమ్మా" అంది. నిద్రలోనే పోయారట. అల్లుడు టీ తీసుకెళ్ళి పిలిస్తే పలకలేదట. బాగ్‌బేరాలో మా ఇంటి దగ్గర ఆటో ఎక్కి, ఊళ్ళోనే సీతారాండేరాలో వాళ్ళ ఇంటి ముందు దిగేవరకూ నేను ఏడవలేదు. దారిలో నాకు మొదట తట్టిన మాట చెబితే మీరు తప్పుపడతారేమో. ఎల్లుండి ఆదివారం కదా, అనుకున్నాను.

ఆ ఆదివారాల సంగతి చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి.

అమ్మాయి పెళ్ళయిన కొత్తలోనే కాదు, ఆ తరవాత చాలా ఏళ్ళ వరకూ మా ఇద్దరి మధ్యా నడిచింది మర్యాదే. పండక్కి సాక్చి బజారులో మిఠాయి పొట్లం కట్టించుకుని వెళ్ళేదాన్ని. ముందుగదిలో కుర్చీ అంచున కూర్చునేదాన్ని. "వదినగారూ, బాగున్నారా?" "బాగున్నానండి, మీరు?" "టీ పుచ్చుకోండి." అంతే. ఆ పైన ఇద్దరం ఫ్యాను చప్పుడు వింటూ కూర్చునేవాళ్ళం. ఆవిడ మగపెళ్ళివారు. నేను పిల్లనిచ్చినదాన్ని. కాలనీలో నన్ను చూస్తే పిల్లలు ఆట మానేసి పక్కకు తప్పుకుంటారు. అలాంటిదాన్ని ఆవిడ ముందు గొంతు తగ్గించి మాట్లాడేదాన్ని.

మమ్మల్ని క్విజ్‌లో చేర్పించింది మా ఇద్దరి మనవరాలు. విశాఖపట్నంలో కొందరు యువకులు ప్రతి ఆదివారం సాయంత్రం నాలుగింటికి ఆన్‌లైన్‌లో నడుపుతారు. ఎక్కడి తెలుగువాళ్ళయినా నలుగురు జట్టు కట్టవచ్చు. ప్రశ్న చదివాక ఒక్కో జట్టునూ విడిగా మాట్లాడుకోనిస్తారు. రెండు నిమిషాల్లో జవాబు రాసి పంపాలి. మా జట్టులో మిగతా ఇద్దరూ నాతో కాలేజీలో చదువుకున్నవాళ్ళు. ఒకామె విజయనగరంలో పోస్టుమాస్టరుగా రిటైరయింది, ఇంకొకామె ఖరగ్‌పూర్‌లో లెక్కల టీచరుగా చేసింది. రాసే పని నాది. ఫోనులో వెతకకూడదన్న నియమం క్విజ్ వాళ్ళది, దాన్ని కాపలా కాసేది నేను.

వదినగారు ఫోన్ని పచ్చడి జాడీకి ఆనించి కూర్చునేవారు. మాకు ఆవిడ నుదురూ, సగం కళ్ళజోడూ, పైన తిరిగే ఫ్యానూ కనిపించేవి. శీతాకాలమైతే ఒళ్ళో బఠాణీలు ఒలుచుకుంటూనే ఆలోచించేవారు. కాయ చిట్లిన చప్పుడు వినిపిస్తే జవాబు వస్తోందని అర్థం.

మొదట్లో ఒక ఆదివారం సువర్ణరేఖ నది ఏ రాష్ట్రంలో సముద్రంలో కలుస్తుందని అడిగారు. వదినగారు వెంటనే, "బెంగాలండి, ఇంకేటి" అన్నారు. ఒడిశా అని నాకు బాగా తెలుసు. అయినా బెంగాల్ అనే రాశాను. అల్లుడి తల్లి మాటను నలుగురిలో కొట్టెయ్యడం నాకు చేతకాలేదు. ఫలితం చెప్పగానే ఆవిడ వెనక నుంచి మనవరాలు, ఈ ఉక్కు ఊళ్ళో పుట్టిన పిల్ల కదా, హిందీలో అరిచింది. "అమ్మమ్మా! ఆప్‌కో తో పతా థా! ఆప్‌నే హీ తో ముఝే పఢాయా థా!" నిజమే. నాకు తెలుసు, దానికి చెప్పిందీ నేనే; ఆ ముందు వారమే దాన్ని కూర్చోబెట్టి ఆ పాఠం చెప్పాను.

ఆ సాయంత్రమే ఆవిడ నుంచి ఫోన్ వచ్చింది.

"వదినగారూ, తప్పని తెలిసే రాసేరా?"

"మీరన్నారు కదా అని..."

"నానంటే? గోదారి హిమాలయాల్లో పుట్టిందని అంటే అదీ రాసెత్తారా?"

"అలా కాదండి. మీ మాటకి ఎదురు చెప్పడం..."

"పెళ్ళయి ఇన్నేళ్ళయిపోనాది, ఇంకా నాను మొగపెళ్ళోరి మనిసినేటండీ? వచ్చే ఆదివారం నా మాట తప్పయితే తప్పనండి. అనకపోతే నానింక రాను."

అన్నాను. మొదటిసారి అన్నప్పుడు నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. కుంకుమపువ్వు మొక్కలోని ఏ భాగం అన్న ప్రశ్న మీద ఆవిడ ఒకటన్నారు, నేను కాదన్నాను. "ఎలా తెలుసు మీకు?" అన్నారు. "పుస్తకంలో చదివాను" అన్నాను. "పుస్తకంలోని ప్రతీదీ నిజమేటి?" అన్నారు. అలా రెండు నిమిషాలూ పోట్లాటకే సరిపోయాయి. జవాబు రాయడం మరిచిపోయాను. ఎక్కడా ఏదీ మరవని మనిషినని నాకు పేరు. వదినగారు బఠాణీలు కింద పడేలా నవ్వి, "ఏటండీ, ఓడిపోయినా నెగ్గీసినట్టే ఉంది" అన్నారు.

ఆ తరవాత ఆదివారాలన్నీ అలాగే గడిచాయి. మా ఇద్దరిలో ఎవరిది ఒప్పయినా రెండోవాళ్ళు సులువుగా వదిలేవాళ్ళు కాదు. "ఎందుకండీ అంత పట్టుదల?" అని ఒకసారి అడిగాను. ఆవిడ అన్న మాట ఇది: "ఒప్పీసుకుంటే ఇంక ఊసేటుంటాది వదినగారూ? కాదంటేనే కదా ఇంకాసేపు కూకునేది."

మా వారు పోయాక నన్ను కాదనేవాళ్ళు ఇంట్లో ఎవరూ మిగల్లేదు. కొడుకు, కోడలు, పాలవాడు, అందరిదీ ఒకటే మాట, "సరేనమ్మా." ఆ మాటలో గౌరవం ఉందని తెలుసు. దాని తరవాత వాళ్ళు గదిలోంచి వెళ్ళిపోతారనీ తెలుసు.

పెద్దకర్మకు సీతారాండేరా సందులో షామియానా వేశారు. శ్రీకాకుళం నుంచి రైల్లో బంధువులు దిగారు. వచ్చినవాళ్ళు అల్లుడి భుజం మీద చెయ్యి వేశారు, మా అమ్మాయిని దగ్గరికి తీసుకుని ఏడ్చారు. నన్ను చూసి, "వియ్యపురాలుగారా? రండి రండి, ఫ్యాను కింద కూకోండి" అన్నారు. ఒక పెద్దావిడ నా పక్కకు జరిగి, "పాపం, మీ అమ్మాయికి పెద్దదిక్కు పోనాది" అంది. తలూపాను. వియ్యపురాలు పోతే మనకు మైల లేదు, పరామర్శ లేదు. వాళ్ళ తప్పేమీ లేదు. మొదటి బంతిలోనే నన్ను కూర్చోబెట్టి, అడిగి అడిగి వడ్డించారు. అంత మర్యాద జరిగాక ఏడవడానికి చోటెక్కడుంటుంది?

బయల్దేరేటప్పుడు మనవరాలు ఆటో దాకా వచ్చింది. "అమ్మమ్మా, సండే కో ఆప్ లోగ్ ఖేలోగే?" అని అడిగింది. ఇక మీదట మేం ఆడతామా లేదా అన్నది ఆ ఇంట్లో దానికొక్కదానికే గుర్తొచ్చింది. "చూద్దాంలే" అన్నాను. నేను సాధారణంగా అనే మాట కాదది.

పెద్దకర్మ అయ్యాక వచ్చిన ఆదివారం నాలుగింటికి ఫోన్ ముందు కూర్చున్నాను. మానేస్తే ఆవిడ పోయిన మాట మరీ ఖాయమైపోతుందనిపించింది. స్నేహితురాళ్ళిద్దరూ తెరమీదికి వచ్చారు. పోస్టుమాస్టరు మెల్లగా, "మా ఆడపడుచు ఉంది, బాగా చదువుతుంది. చేర్చుకుందామా?" అంది. వద్దన్నాను. "సరే, నీ ఇష్టం" అంది. ఎందుకు వద్దని ఒక్కమాటైనా అడుగుతుందేమోనని ఆగాను. అడగలేదు.

మొదటి ప్రశ్నకు నేను తోచింది చెప్పాను. "నువ్వన్నావంటే అదే, రాసెయ్యి" అన్నారిద్దరూ. రెండోదీ అంతే. సమయం చాలా మిగిలిపోతోంది. మూడోది గ్రహాల్లో అన్నిటికంటే పెద్దది ఏదని. నేను కావాలనే, "శని" అన్నాను. గురుడని లెక్కల టీచరుకు తెలియదా? నా మొహంలోకి ఒక్క క్షణం చూసింది. తరవాత చాలా మెత్తగా, "రాయి మరి" అంది.

రాశాను.

నలుగురం ఉన్నప్పుడు తెర నాలుగు సమానమైన గళ్ళుగా ఉండేది. ఒకరు లేకపోతే ఆ గడి ఖాళీగా కనిపిస్తుందనుకుని, దాన్ని చూడ్డానికి మనసు గట్టి చేసుకునే కూర్చున్నాను. అలా ఉండదట. మిగిలినవాళ్ళను తెరే జరిపి సర్దేస్తుంది. పై వరసలో వాళ్ళిద్దరూ పక్కపక్కన ఉన్నారు. కింది వరసలో నేనొక్కదాన్నే నడిమికి వచ్చి ఉన్నాను. నాకు అటూ ఇటూ నలుపు.