హోల్డ్‌లో పెట్టలేని మిరప గింజ

హైటెక్ సిటీలో నేను పనిచేసిన విత్తనాల స్టార్టప్‌లో ప్రాణమున్న మొక్క ఒక్కటీ ఉండేది కాదు. గోడ నిండా ప్లాస్టిక్ ఆకులు. వాటి మధ్య నియాన్ అక్షరాలతో, విత్తనం హార్డ్‌వేర్, డీఎన్‌ఏ సాఫ్ట్‌వేర్ అని రాసి ఉండేది. రాయించింది ఓనరు. కడప వైపు నుంచి వచ్చి, ప్లాట్లు అమ్మి పైకొచ్చిన మనిషి. 'సార్ అనొద్దు, అన్నా అనండి' అని ఆజ్ఞాపించాడు. ఆజ్ఞ కాబట్టి అనేవాళ్ళం.

వృక్షశాస్త్రం చదివింది నేనొక్కణ్ణే. తక్కినవాళ్ళంతా యాప్ రాసేవాళ్ళు. నా పని గింజల్ని కొంతమేర నానబెట్టి, మొలక రాకముందే ఆరబెట్టడం. అలా చేసిన గింజ పొలంలో త్వరగా, ఒకేసారి మొలుస్తుంది. ఇందులో కంపెనీ కనిపెట్టిందేమీ లేదు. కంపెనీ చేర్చిందల్లా యాప్‌లో ఒక ప్రోగ్రెస్ బార్.

ఆ వారం పెట్టుబడిదారులు వస్తారని, వాళ్ళ కళ్ళ ముందు వేరు మొన తెల్లగా కనబడాలని ఓనరు పట్టుబట్టాడు. అందుకని ఈసారి ఆరబెట్టకుండా తడి కాగితం మీదే ఉంచాను. గింజలు శంకర్‌పల్లి వైపు రైతువి, వాళ్ళింటి పాత రకం మిరప. దాచిన విత్తనమంతా పురుగు తినేయగా మిగిలింది ఆ గుప్పెడే, ఒక్కటీ వృథా కాకుండా మొలవాలని మాకిచ్చాడు. చూపించడం అయిపోగానే తీసుకెళ్ళి నారు పోసుకుంటానన్నాడు. శుక్రవారం మధ్యాహ్నానికి మొనలు కనిపించాయి. రైతు వచ్చి కింద రిసెప్షన్‌లో కూర్చున్నాడు. ఫోన్‌లో క్యూఆర్ కోడ్ లేదని సెక్యూరిటీవాళ్ళు ఆయన్ని లిఫ్ట్ ఎక్కనివ్వలేదు.

అప్పుడే పెట్టుబడిదారులు తమ రాకను సోమవారానికి మార్చుకున్నారు.

"ఆరబెట్టి హోల్డ్‌లో పెట్టప్పా. సోమవారం మళ్ళా తడుపుదాం" అన్నాడు ఓనరు.

"చచ్చిపోతయన్నా."

"ఆరబెట్టి తడపొచ్చని నువ్వే కదా చెప్పింది?"

"అది లోపల డీఎన్‌ఏ కాపీ మొదలు కాకముందు. ఇప్పుడు మొదలైంది."

"ఒక్క గింజను ఆపలేకపోతే మనది ఏం కంపెనీ అప్పా?"

యాప్ కుర్రాడు ల్యాప్‌టాప్ మీద నుంచి తలెత్తి, "రోల్‌బ్యాక్ ఉండదా బ్రో?" అని అడిగాడు. హాస్యమనుకున్నాను. కాదు, నిజంగానే అడిగాడు.

చెప్పాను. పొడి గింజ లోపలి కణాల్లో చాలావరకు డీఎన్‌ఏ కాపీకి ముందు దశలో ఆగి ఉంటాయి. నీరు తగిలితే ముందు డీఎన్‌ఏలో తెగిన చోట్లు అతుక్కుంటాయి. క్రోమోజోమ్ పొడవునా అనేక చోట్ల కొన్ని ప్రోటీన్లు కూర్చుని, పోగుల్ని విప్పే, ఉంగరంలాంటి మరో ప్రోటీన్‌ను తెచ్చి డీఎన్‌ఏకు తొడుగుతాయి. తొడిగినంత మాత్రాన పని మొదలు కాదు. కణం నుంచి సంకేతం అందాలి. అందాక ఉంగరం కదులుతుంది, పోగులు విడిపోతాయి, కాపీ నడుస్తుంది. ఆ విడతలో అదే చోట ఇంకో ఉంగరం తొడగనివ్వదు కణం. తొడగనిస్తే ఒకే ముక్క రెండుసార్లు కాపీ అవుతుంది. ఇదంతా సాగి వేరు మొన బయటపడ్డాక, ఎండిపోయినా తట్టుకునే గుణం గింజలో పోతుంది. వెనక్కి వెళ్ళే దారి లేదు.

ఓనరు శ్రద్ధగా విన్నాడు. విని, "సూపర్ కంటెంట్. దీన్ని స్లైడ్ చెయ్. గింజల్ని మాత్రం డ్రయర్‌లో పెట్టు" అన్నాడు.

పెట్టనన్నాను. కనీసం ఇలాగే ఉంచుదామంటే, సోమవారానికి వేరు పొడుగైపోతుందట, తెర మీద వేసే యానిమేషన్‌లో ఉన్నట్టు చుక్కలా కనబడదట.  ట్రే మీద తడి గుడ్డ కప్పి చేతుల్లోకి తీసుకున్నాను.

"యాడికి?"

"కింద ఆయన కూసున్నడు. ఆయన గింజలు ఆయనకిస్త."

"ఇచ్చినావంటే సోమవారం రావద్దు."

"మంచిదన్నా."

ఎవరూ లేచి అడ్డుపడలేదు. యాప్ కుర్రాడు తలుపు తీసి పట్టుకున్నాడు. మర్యాదో, చూద్దామన్న సరదానో తెలియదు. కింద రైతు గుడ్డ ఎత్తి చూసి, "ఎండ తగలనియ్య బిడ్డా, నీడ పొంటి తీస్కపోత" అన్నాడు. అంతకు మించి ఆయనకు వివరించాల్సిన అవసరం కలగలేదు.

సోమవారం సంగతి తర్వాత యాప్ కుర్రాడే ఫోన్ చేసి చెప్పాడు. పెట్టుబడిదారులు పెద్ద తెర మీద నీలిరంగు డీఎన్‌ఏ గిర్రున తిరగడం, ప్రోగ్రెస్ బార్ చివరిదాకా నిండడం చూసి సంతోషించారట. ఖాళీ ట్రేలో గింజలేవని ఒక్కరూ అడగలేదట. అందరూ చప్పట్లు కొట్టారట. 'నువ్వు అనవసరంగా ఫీలయ్యావు బ్రో' అన్నాడు.

కొన్నాళ్ళకు హఫీజ్‌పేట్‌లో నా గదిలో ఉండగా రైతు నుంచి ఫోన్ వచ్చింది.

"కొన్ని మురిగినయ్ బిడ్డా. తక్కినయన్నీ లేసినయ్. విత్తనానికి ఫికర్ లేదిగ. ఆ పెద్దమనుషులు ఆ దినం చూసిన్రా మరి?"

"లేదు కాకా. వాళ్ళు టీవీ చూసి పోయిన్రు."